ఉప్పు పిలువ నీరు... గడప దాటునా, తప్పకేగునా?

బ్రాడీపేట: ద్రవాభిసరణం (ఆస్మాసిస్) మీద మా సైన్సు మాస్టారు ఒక ఆటవెలది చెప్పేవారు. రెండో పాదమో నాలుగోదో, ఇదొక్కటే మిగిలింది: ‘ఉప్పు పిలువ నీరు గడప దాటు’. తక్కినవి ఎవరైనా విన్నారా?

సత్యనారాయణపురం: ఉ–గ యతి ఎక్కడిదండీ? ‘ఉప్పు పిలువ నీరు తప్పకేగు’ అయ్యుంటుంది. ‘ప్ప’కు ‘ప్ప’, ప్రాసయతి హాయిగా పడుతుంది.

అరండల్‌పేట: యతి నిలబెట్టి శాస్త్రాన్ని పడగొట్టారు. ఇక్కడ గడపంటే కణత్వచం, కణం చుట్టూ ఉండే పొర. అది లేకపోతే ఉప్పు నీళ్లలో కలిసిపోతుంది, అది వట్టి వ్యాపనం. ఉప్పు దాటలేని చోట నీరు దాటితేనే ద్రవాభిసరణం. ఆ గడపలో నీటికంటూ ఉన్న ద్వారాలు, ఆక్వాపోరిన్లు, కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. పైగా ‘తప్పక’ ఏమిటి? నీరు అటూ ఇటూ పోతూనే ఉంటుంది, ఉప్పు వైపు కాస్త ఎక్కువ పోతుందంతే. మొక్క కణంలో గోడ ఎదురొత్తి ఆపుతుంది కూడా. ఎర్రకణానికి గోడ లేదు, మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగులుతుంది. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉండేది అందుకే.

పటమట: అసలు పేచీ ‘పిలువ’ దగ్గర. ఆస్మాసిస్‌కు మూలమైన గ్రీకు మాట ఓస్మోస్ అంటే నెట్టడం. మనవాళ్లు అభిసరణం అన్నారు, ప్రియుడి కోసం బయల్దేరే నాయిక, అభిసారికలోని ధాతువే. ఆ మాట కట్టినవారెవరో గాని క్షేత్రయ్య పదాలు బాగా విన్నవారే. ఆయన ఊరు మువ్వ మా కృష్ణా వైపేనండోయ్!

బ్రాడీపేట: క్షేత్రయ్య సరే, నా పద్యం?

తెనాలి: గడపా యతీ రెండూ దక్కేలా చెబుతా: ‘కారముప్పు పిలువ గడప దాటు’. కా–గ. నీరు పై పాదంలో వచ్చే ఉంటుంది.

సత్యనారాయణపురం: మీ గుంటూరోళ్లకు కారం లేనిదే యతి కూడా పడదు!

అరండల్‌పేట: కారానికి ఇక్కడ పని లేదు. మాగాయ ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే ఊట దిగుతుంది. ముక్కలు పిండి ఎండబెట్టాక గదా కారం సంగతి! నీటిని లాగేది ఉప్పే.

పటమట: ‘లాగేది’ అనేశారే! అభిసారికను ఎవరూ లాగరు. తనంతట తనే బయల్దేరుతుంది.

తెనాలి: అలాగైతే మీ ‘పిలువ’ కూడా దండగే.

పటమట: లక్షణం పూర్తిగా చదవండి. ప్రియుడి దగ్గరికి తను వెళ్లేదీ అభిసారికే, అతణ్ణి తన దగ్గరికి రప్పించుకునేదీ అభిసారికే.

సత్యనారాయణపురం: ఈ రెండో లెక్కన అభిసారిక ఉప్పవుతుంది గాని నీరు కాదే?