రెప్లికేషన్ రిజల్ట్స్ ఎలా రిపోర్ట్ చేయాలి?

ల్యాబ్‌నోట్స్: నమస్తే అందరికీ. మా గ్రూప్‌లో కొన్ని పాత పేపర్లు తీసుకుని అవే ప్రయోగాలు మళ్ళీ చేశాం, ఇప్పుడు రాసే పని మొదలైంది. గైడ్ గారేమో ఎన్ని నిలబడ్డాయో ఒక శాతం వేసి అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టేద్దాం అంటున్నారు, అది చూసి మిగతావన్నీ దొంగ పేపర్లు అనుకుంటారేమో అని నా భయం. ఎలా రాస్తే న్యాయంగా ఉంటుంది?

గణాంకం: మీ భయం కరెక్టేనండి. 2015లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన సైకాలజీ ప్రాజెక్ట్‌లో 100 స్టడీలు మళ్ళీ చేస్తే జనానికి గుర్తున్నది 36 శాతం అన్న ఒక్క అంకే. అది పి వాల్యూ (అసలు ఎఫెక్టే లేకపోయినా ఇంత పెద్ద తేడా అనుకోకుండా వచ్చే అవకాశం) 0.05 లోపు వచ్చినవాటి లెక్క. అదే పేపర్లో, పాత ఎఫెక్ట్ సైజు (ప్రభావం ఎంత పెద్దదన్న కొలత) కొత్త 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌లో (అసలు విలువ ఉండొచ్చని డేటా చూపించే పరిధిలో) పడిందా అని చూస్తే 47, చేసినవాళ్ళ అభిప్రాయం అడిగితే 39. డేటా అదే, కొలబద్ద మారేసరికి అంకె మారిపోయింది. అందుకే ఏ కొలబద్ద, అది డేటా చూడకముందే అనుకున్నదా తర్వాత అనుకున్నదా అన్నది శాతం పక్కనే రాయండి. ఒక్కో స్టడీకీ పాత ఎఫెక్ట్, కొత్త ఎఫెక్ట్, ఇంటర్వెల్, రెండు శాంపిల్ సైజులూ టేబుల్‌గా ఇవ్వండి.

సెల్‌కల్చర్: మధ్యలో ఆగిపోయినవి దాచకండి ప్లీజ్. 2021లో రిజల్ట్స్ వచ్చిన క్యాన్సర్ బయాలజీ ప్రాజెక్ట్ వాళ్ళు 53 పేపర్లలోంచి 193 ప్రయోగాలు అనుకుని చివరికి 23 పేపర్లవి 50 చేయగలిగారు, ఎందుకు ఆగాయో కూడా రాశారు. ఒరిజినల్ పేపర్ ఒక్కటే చదివి పూర్తి ప్రోటోకాల్ (అడుగడుగునా ఎలా చేయాలన్న వివరం) తయారు చేసుకోగలిగిన ప్రయోగం ఒక్కటీ లేదట! నాకైతే అన్నిటికంటే పనికొచ్చిన రిజల్ట్ అదే. మీరు కూడా రచయితల్ని ఏం అడిగారు, ఏం ఇచ్చారు, ప్రోటోకాల్లో ఏం మార్చారు అన్నీ పెట్టండి.

కోడ్‌రన్: పాత డేటా మీదే కోడ్ మళ్ళీ రన్ చేశారా, కొత్త డేటా తీశారా అన్నది మొదటి పేరాలోనే చెప్పేయండి, రెండూ కలిపి ఒక శాతం మాత్రం వేయొద్దు.

ల్యాబ్‌నోట్స్: థాంక్సండి. ఒకదాంట్లో మా ఇంటర్వెల్ వెడల్పుగా వచ్చింది, సున్నా (అంటే ఎఫెక్టే లేకపోవడం) అందులోనే ఉంది, పాత ఎఫెక్టూ అందులోనే ఉంది. ఇది ఫెయిలా?

గణాంకం: ఫెయిల్ కాదు, తేలలేదు అంతే. అలాంటివాటికి టేబుల్లో నిలబడింది, నిలబడలేదు అన్నవాటి పక్కన మూడో గడి పెట్టండి, ఎంత శాంపిల్ ఉంటే తేలేదో కూడా అక్కడే రాస్తే తర్వాత చేసేవాళ్ళకి పనికొస్తుంది.