దట్టమైన అడవిలో జింక వేటకి స్కోప్ (రైఫిల్ మీది దుర్బిణి): 3-9 తీసుకోవాలా, ఇంకా తక్కువ పవరా?

లారెల్‌పొద:
ఉత్తర పెన్సిల్వేనియా. హెమ్లాక్ చెట్లు, కింద మౌంటెన్ లారెల్ పొదలు. రైఫిల్ మార్లిన్ 336, లివర్‌తో పనిచేసేది, 30-30 తూటా. 80 గజాలు దాటి కనిపించే చోటే లేదు. షాపులో 3-9×40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ 40 మి.మీ.) అంటున్నారు. 1-6×24 నయమా, 2-7×33 నయమా?

గజంబద్ద:
2-7×33 తీసుకోండి. అడవికి స్కోప్ కొనేటప్పుడు చూడాల్సింది చిన్న అంకె, అంటే అతి తక్కువ పవర్. 3×లో 100 గజాల దగ్గర సుమారు 33 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. అదే 30 గజాలకి వచ్చేసరికి 10 అడుగులే. జింక కదులుతుంటే దాన్ని అద్దంలోకి తెచ్చుకునేలోపే పొద దాటేస్తుంది. 2×లో ఆ దూరానికి 13-15 అడుగులు వస్తాయి, 1×లో 30 పైనే.

అలాగని 1×తోనే సరిపెట్టుకోలేం. బరువైన తూటా రెమ్మల్ని చీల్చుకుపోతుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, ఉత్తమాట. 30-30 అయినా ఇంకా బరువైన 45-70 తూటా అయినా పుల్ల తగిలితే దారి తప్పుతుంది, జింక గాయంతో పారిపోతుంది. ఆ పుల్లలు ఉత్త కంటికి కనబడవు. వాటి మధ్య ఖాళీ వెతకడానికి 4× కావాలి. రెడ్ డాట్ (పెద్దది చేసి చూపకుండా ఎర్ర చుక్కతో గురి చూపేది) వద్దనేది కూడా అందుకే. నడిచేటప్పుడు 2లో, కూర్చున్నాక 4లో పెట్టండి. 7 అవసరమయ్యేది రేంజిలో కాగితం మీదే.

మునిమాపు:
వెలుతురు సంగతి కూడా చూడాలి. పెన్సిల్వేనియాలో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు, చెట్ల కింద ఆ అరగంటే అసలు పరీక్ష. లెన్స్ మిల్లీమీటర్లని పవర్‌తో భాగించండి, కంటికి చేరే వెలుగు వలయం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4, 24ని 6తో అయితే 4, 33ని 4తో అయితే 8 పైన. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7 మి.మీ. దాకా తెరుచుకుంటుంది, వయసు మీదపడితే 5 దగ్గర ఆగుతుంది. అంటే 4×లో 33 లెన్స్ ఇచ్చే వెలుగు కంటికి చాలు. 50 లెన్స్ ఇక్కడ దండగ. పైగా స్కోప్‌ని పట్టుకునే రింగులు ఎత్తువి వేయాల్సొస్తుంది, చెంప స్టాక్ (రైఫిల్ వెనక చెక్క) మీద ఆనదు.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రెటికల్ (పవర్‌తో పాటు మారే గురి గీతలు) కొనకండి, తక్కువ పవర్‌లో గీతలు వెంట్రుకల్లా సన్నబడి ఆకుల్లో కలిసిపోతాయి. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో (గీతల మందం మారనిది) మందపాటి డ్యూప్లెక్స్ గానీ జర్మన్ నంబర్ 4 గానీ చూడండి, రెండిట్లో గీతలు అంచుల్లో లావు, మధ్యలో సన్నం. వెలిగే చుక్క ఉంటే అన్నిటికన్నా తక్కువ వెలుగులో వాడండి, పెంచితే దాని చుట్టూ ఉన్నదంతా నల్లబడుతుంది.

లారెల్‌పొద:
బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

లివర్‌పిడి:
336లో ఖాళీ తూటా గొట్టం పక్కకి పడుతుంది కాబట్టి స్కోప్ పైన కూర్చుంటుంది (పాత వించెస్టర్ 94కి ఈ సుఖం లేదు, పైకి ఎగరేస్తుంది). అందరూ మర్చిపోయేది హ్యామర్ (వెనక బొటనవేలితో లాగే సుత్తి). ఐపీస్ (కంటి వైపు అద్దం) దాని మీదకి వస్తుంది, బొటనవేలికి చోటుండదు. చలికి మొద్దుబారిన వేలితో హ్యామర్ దించుతుంటే జారి పేలొచ్చు. పక్కకి తిరిగే హ్యామర్ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా వేయించండి.

బేస్ (రింగుల కింద రైఫిల్‌కి బిగించే పట్టీ) స్క్రూల నూనె తుడిచి, నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులుకాకుండా ఆపే జిగురు) ఒక్క చుక్క వేసి 20 ఇంచ్-పౌండ్లకి బిగించండి. రింగ్ స్క్రూలకి లాక్‌టైట్ వద్దు, 15-18 చాలు, స్కోప్ కంపెనీ వేరే అంకె చెబితే అదే పాటించండి. అతిగా బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి పవర్ మార్చే రింగు పట్టేస్తుంది, జీరో (సరిచేసుకున్న గురి) నిలవదు.

లివర్ స్క్రూ ఒకటి తీస్తే బోల్ట్ వెనక్కి వచ్చేస్తుంది. బారెల్లోంచి చూసి గురి సరిచేసుకుని 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. పావు ఎంఓఏ స్కోప్‌లో (ఒక్కో క్లిక్కు 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం జరిపేది) అక్కడ అంగుళానికి 16 క్లిక్కులు, 50 దగ్గర 8, 100 దగ్గర 4. 100కి జీరో చేస్తే 30 గజాల నుంచి తేడా అంగుళంలోపే.

మునిమాపు:
ఇంకోటి. చలిలో తిరిగిన రైఫిల్ని వెచ్చని గదిలోకి తెస్తే గదిలో తేమకి అద్దాలు తెల్లగా పట్టేస్తాయి, చలిలో ఐపీస్ మీద ఊపిరి తగిలినా అంతే. స్కోప్ లోపల నైట్రోజన్ నింపి ఉన్నా బయటి అద్దానికి ఏం లాభం లేదు. తాళం వేసి చల్లటి చోటే ఉంచండి. పొదలో కదిలిందేమిటో చూడ్డానికి స్కోప్ ఎత్తకండి, అక్కడున్నది మనిషి కావచ్చు. దానికి బైనాక్యులర్ ఉంది.

తుంగపొద:
హెచ్1బి మీద ఉన్నవాళ్లు రైఫిల్ కొనొచ్చాండీ?

గజంబద్ద:
నాన్-ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు తుపాకి ఉంచుకోకూడదనేది ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. పెన్సిల్వేనియా లైసెన్స్ జూన్ 30తో అయిపోతుంది, అది గడిస్తే మినహాయింపు కూడా పోతుంది. లాయర్ని అడిగాకే కొనండి. గ్రీన్‌కార్డుకి ఈ అడ్డు లేదు.

మనూరికి స్కోప్ ఒకటి పట్టుకెళ్దామన్న ఆలోచన మాత్రం వద్దు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణలో ఉన్న సరుకు, సూట్‌కేసులో పెట్టేది కాదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ జింక వేటే నేరం.