మాయను దాచాలా, పూడ్చాలా?

కావలి అల్లుడు: మా ఆవిడకు ఎనిమిదో నెల. పురిటికి కందుకూరులోని పుట్టింట్లో ఉంది. మొన్న స్కానింగ్ సెంటర్ వరండాలో టై కట్టుకున్న ఒకాయన మా మామగారిని పట్టుకున్నాడు. బొడ్డుతాడు రక్తంతో పాటు మాయ, ఉమ్మనీరు కూడా దాచిపెడతారట. బిడ్డకు రేపు ఏ జబ్బు వచ్చినా వాటిలోని మూలకణాలే, అంటే రకరకాల కణాలుగా మారగలిగే కణాలే, మందట. 80 వేలు, వాయిదాల్లో కట్టవచ్చు. మామగారు సగం ఒప్పుకున్నారు. అత్తగారేమో మాయను పెరట్లో పూడ్చాల్సిందే అంటున్నారు. ఏం చేయమంటారు?

పురిటి గది నర్సు, ఒంగోలు: 22 ఏళ్లుగా కాన్పులు చూస్తున్నాను బాబూ. మాయ అరకిలో దాకా తూగుతుంది. ముక్క ఏదైనా లోపల మిగిలిందేమోనని పళ్లెంలో తిరగేసి చూసి, ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేస్తాం. ఉమ్మనీరంటారా, కడుపులోని ఉమ్మనీటి సంచి పగలగానే రబ్బరు షీటు మీదా, మా చెప్పుల మీదా పోతుంది. ఆయన ఏ గిన్నె పట్టుకుని నిలబడతాడో అడగండి.

నెల్లూరు మాస్టారు: నవ్వడం తేలికేనమ్మా. 2007లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ అటాలా బృందం ఉమ్మనీటి మూలకణాలతో ఎముక, కండరం, నాడీ కణాలను పెంచింది. 36 గంటలకోసారి అవి రెట్టింపవుతాయి. పిండం నుంచి మూలకణాలు తీసేటప్పటిలా పిండాన్ని చిదమనక్కర్లేదు. ఎలుకల్లోకి ఎక్కిస్తే కణితులూ కట్టలేదు. 1988లో పారిస్‌లో బొడ్డుతాడు రక్తంతోనే ఒక పిల్లవాడిని బతికించారు.

నర్సు: ఆ పిల్లవాడికి ఎక్కించింది అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తం, మాస్టారూ. వాడి జబ్బు పుట్టుకతో వచ్చిన జన్యులోపం. వాడి రక్తమే దాచి ఉంటే ఆ లోపం అందులోనూ ఉండేది. అటాలా గారు వాడిందేమో కడుపులో ఉండగా పరీక్షకని సూదితో తీసిన ఉమ్మనీరు. అందులో నూటికొక కణం పనికొచ్చింది. పరిశోధనను నేను కాదనడం లేదు, వరండాలో బేరాన్ని కాదంటున్నాను. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం డబ్బు తీసుకుని దాచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే, మాయకు లేదు. ఆ రక్తమైనా సొంత బిడ్డ కోసం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని అదే మండలి అంది.

మాస్టారు: ఈ చెల్లెలి సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా మట్టిలో కలిపేయడమేనా?

నర్సు: మాయ మీది పలుచని పొరను శుద్ధిచేసి, సున్నం పడి కాలిన కళ్లకు అతుకుతారు. అది నేటి వైద్యమే, 20 ఏళ్ల తర్వాతి మాట కాదు. అలా ఇవ్వగలిగితే ఇవ్వండి.

కావలి అల్లుడు: టై ఆయనకు ఫోను చేసి, ఉమ్మనీరు ఎలా పడతారని అడిగాను. మేనేజరును కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. అత్తగారు కరివేపాకు చెట్టు పక్కన గుంట తవ్వించేశారు.