ఉప్పునీటి పూల్ తెరుస్తున్నాం, ప్యానెల్ మీద ఉప్పు తక్కువని చూపిస్తోంది

ప్రశ్న (జయపురం, కొరాపుట్ జిల్లా): అన్నలూ, మా పెద్దనాన్నగారి తోటలో ఉప్పునీటి స్విమ్మింగ్ పూల్ కార్తీకం నుంచి మూసే ఉంది. ఉగాదికి చుట్టాలొస్తారని కవర్ తీశాం. నీళ్లు పచ్చగా ఉన్నాయి, అడుగున మామిడాకులు. ఉప్పునీళ్ల నుంచి క్లోరిన్ తయారుచేసే మిషన్ ఆన్ చేస్తే ఉప్పు 2100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 2100) అని చూపించి ఎర్ర లైటు వెలుగుతోంది. పూల్ 45,000 లీటర్లది, బోరు నీళ్లే పోస్తాం. రెండు బస్తాల ఉప్పు పోసేయమంటారా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: బస్తా ఇప్పుడే విప్పకు తమ్ముడూ. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు. నీళ్లు తోడేస్తేనో, బ్యాక్‌వాష్‌లోనో (నీళ్లను ఎదురు తిప్పి ఫిల్టర్ కడగడం), వానకు పొర్లితేనో, లీకుంటేనో తప్ప తగ్గదు. చలికాలమంతా కవర్ కిందున్న పూల్‌లో ఒక్కసారిగా ఎందుకు తగ్గుతుంది? నీళ్లు చల్లగా ఉన్నా, సెల్ (మిషన్‌లో క్లోరిన్ తయారయ్యే భాగం) పలకలకు సున్నం పట్టినా ప్యానెల్ తక్కువే చూపిస్తుంది. టెస్ట్ స్ట్రిప్‌తో విడిగా చూడు. ఉప్పు ఎక్కువైతే నీళ్లు పారబోయడం తప్ప దారి లేదు.

కరెంటు ఆపి సెల్ విప్పి చూడు. బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద పట్టినట్టే తెల్లటి పొర కనిపిస్తుంది. నాలుగు వంతుల నీళ్లలో ఒక వంతు మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ కలిపి పది నిమిషాలు ఉంచితే కరుగుతుంది. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పవు. క్లోరిన్ డబ్బా దరిదాపుల్లో ఉండకూడదు, ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఆ పచ్చదనాన్ని సెల్ మీద వదిలేయకు, అది క్లోరిన్ నిదానంగానే తయారుచేస్తుంది. ముందు ఆకులు తీసి, గోడలు రుద్ది, ఫిల్టర్ ఆపకుండా నడుపు. సాయంత్రం పూట 10 శాతం లిక్విడ్ క్లోరిన్ నాలుగున్నర లీటర్లు పోస్తే మీ పూల్‌లో సుమారు 10 పీపీఎం పెరుగుతుంది. రోజూ కొలిచి, తగ్గినంత మళ్లీ పొయ్యి. అడుగు కనబడేదాకా సెల్ ఆపే ఉంచు.

తర్వాత ఆల్కలినిటీ (పీహెచ్ ఊగిసలాడకుండా ఆపే గుణం) 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉండాలి. 60 ఉంటే మూడు కిలోల వంటసోడాతో 100కి వస్తుంది. అది కుదిరాకే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార కొలత) 7.2–7.6కి తే. ఉప్పునీటి పూల్‌లో పీహెచ్ దానంతటదే పైకి పోతుంటుంది, వారంవారం చూడాల్సిందే. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా స్టెబిలైజర్ (సైన్యూరిక్ యాసిడ్) 60–80 పీపీఎం ఉంచు.

ఉప్పు చివర్లో. స్ట్రిప్ 2400 అంటే, 3200కి 36 కిలోలు చాలు. వెయ్యి లీటర్లకు కిలో వేస్తే వెయ్యి పీపీఎం, అదే లెక్క. గంజాం వైపు ఉప్పు మడుల్లో దొరికే ముడి ఉప్పు చవకే గానీ, మట్టీ మెగ్నీషియమూ వెంట తెస్తుంది. అయోడిన్ లేని శుద్ధి చేసిన ఉప్పే కొను. పూర్తిగా కరిగాక, మర్నాడు సెల్ ఆన్ చెయ్యి.

ప్రశ్న: థాంక్స్ అన్నా. పిల్లల్ని ఎప్పుడు దిగనివ్వొచ్చు?

జవాబు: అడుగున ఉన్న జాలీ పైనుంచి స్పష్టంగా కనబడాలి, క్లోరిన్ 3 లోపుకి దిగాలి, పీహెచ్ 7.8 దాటకూడదు. మూడూ కుదిరిన రోజున దించు.