రాకెట్ చిప్‌లో డిప్లొమసీని ఉంచాలా, పీకేయాలా?

గుడ్డి క్లాక్:
కొత్తవాళ్ల కోసం ముందు ఒక మాట. రాకెట్ చిప్ అంటే ప్రాసెసర్ కాదు, రిస్క్-ఫైవ్ అనే ఓపెన్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌తో నడిచే ప్రాసెసర్లని పుట్టించే ప్రోగ్రామ్. బర్క్‌లీలో మొదలై ఇప్పుడు చిప్స్ అలయన్స్ గూటిలో ఉంది. స్కాలా భాష మీద కట్టిన, హార్డ్‌వేర్ వర్ణించే చిజెల్‌లో రాశారు. ఎన్ని కోర్లు, ఎంత క్యాష్ అని చెబితే చిప్ టూల్స్‌కి అర్థమయ్యే వెరిలాగ్ కోడ్ ఇస్తుంది. అందులో చిప్ భాగాల్ని కలిపే బస్సుల (డేటా దారుల) బేరసారాలు చూసే డిప్లొమసీ అనే లైబ్రరీని పీకేసి, మామూలు పారామీటర్లతో మళ్లీ రాయాలంటాను. పోయిన వారం చిన్న పెరిఫెరల్ తగిలించడానికి మూడు రోజులు పట్టింది. హార్డ్‌వేర్ ముప్పై లైన్లే. మిగతాదంతా డిప్లొమసీ పెట్టిన లేజీ మాడ్యూళ్ల వెంట, నోడ్ల వెంట తిరగడమే. ఎర్రర్ వస్తే స్టాక్ ట్రేస్ హనుమంతుడి తోక.

బస్ కండక్టర్:
తోక పొడుగని హనుమంతుణ్ణే వద్దంటారా? డిప్లొమసీలో, అడిగే మాస్టర్ ఏం పంపగలదో, జవాబిచ్చే స్లేవ్ ఏ అడ్రస్‌లో ఉంటుందో ముందే చెప్పుకుని, ఒప్పందం కుదిరాకే వైర్లు పుడతాయి. రెండు పరికరాల అడ్రస్‌లు ఒకదానిమీద ఒకటి పడితే వెరిలాగ్ రాకముందే ఆగిపోతుంది. నాలుగు కోర్లని ఎనిమిది చేసినప్పుడు ఏ రిక్వెస్ట్ ఎవరిదో చెప్పే సోర్స్ ఐడీకి ఎన్ని బిట్లు కావాలో చేత్తో లెక్కేస్తారా? పైగా బూమ్ ప్రాసెసర్, చిప్‌లు కట్టే చిప్‌యార్డ్ ఫ్రేమ్‌వర్క్ దీనిమీదే నిలబడ్డాయి. చైనావాళ్ల షియాంగ్‌షాన్ ప్రాసెసర్ కూడా వాడుతోంది. డిప్లొమసీకి విడి రెపో కూడా వచ్చింది. విడదీయండి, నరకొద్దు.

పాత వైరు:
మీరిద్దరూ కొట్టుకుంటున్నది వేరే గోడ దగ్గర. నన్ను ఎక్కువ ఏడిపించింది, పాత చిజెల్ 2 కోడ్‌ని చిజెల్ 3లో నడిపించే కంపాటిబిలిటీ మోడ్. అందులో ఎవరూ నడపని వైరు ఉన్నా కిక్కురుమనదు, విలువ ఏదైనా పర్లేదనుకుని సాగిపోతుంది. అసలు చిజెల్ 3 ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. పాత ఫైల్‌ని దానికి మార్చేవాడేం చేస్తాడు? ఆ వైరుకి డోంట్‌కేర్ (విలువ ఏదైనా సరే అనే గుర్తు) అంటించి చేతులు దులుపుకుంటాడు. నేనూ అదే చేశాను, దాచడమెందుకు. వాటిలో ఒకటి నిజంగా మరిచిపోయిన కనెక్షన్ అని తర్వాత తేలింది. ఆ ఎర్రర్ నాకు సాయం చేయడానికే వచ్చింది, నోరు మూయించింది నేనే.

గుడ్డి క్లాక్:
మరి ఇంత పెద్ద కోడ్‌ని కదిలించాక ఏమీ చెడలేదని నమ్మేదెలా? పాత వెరిలాగ్, కొత్త వెరిలాగ్ లైనుకి లైను పోల్చి (డిఫ్ చేసి) చూశాను. తేడాలతో అంతా ఎరుపే.

పాత వైరు:
మధ్యలో ఒక్క లైను చేర్చినా కింద ఉన్న తాత్కాలిక పేర్ల అంకెలు జరిగిపోవచ్చు. చిజెల్ 3.6 తర్వాత, వెరిలాగ్ పుట్టించే పనికి స్కాలాలో రాసిన పాత కంపైలర్ పోయి సర్కిట్ (CIRCT) వచ్చింది కదా, ఆ మార్పు దాటేటప్పుడైతే డిఫ్ పేజీ మూసేయడం మేలు. యోసిస్ అనే ఓపెన్‌సోర్స్ టూల్ లాంటి దాంతో ఈక్వివలెన్స్ చెక్ చేయండి, అంటే రెండు డిజైన్లూ ఒకేలా పనిచేస్తాయా అని చూడండి. అది రెండువైపులా రిజిస్టర్లని ముఖ్యంగా పేర్లతోనే జతకలుపుతుంది. కాబట్టి పేర్లు మార్చే పుల్ రిక్వెస్ట్ వేరు, లాజిక్ కదిలించేది వేరు. రెండూ కలిపి పంపిస్తే నేనైతే చూడను. పైప్‌లైన్‌లో ఒక దశ చేర్చారా, ఇక ఆ చెక్ పనికిరాదు, టెస్టులే దిక్కు.

బస్ కండక్టర్:
పేర్లు మారితే, వెరిలాగ్‌ని గేట్లుగా మార్చే సింథసిస్‌కి షరతులు చెప్పే కన్‌స్ట్రెయింట్ ఫైళ్లు కూడా తెగిపోతాయి. టేపౌట్ (డిజైన్‌ని తయారీకి పంపడం) ముందురోజు తెలిస్తే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

గుడ్డి క్లాక్:
సరే, పీకేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎర్రర్ మెసేజ్‌ల మీద మాత్రం తగ్గను. ఇప్పుడే మా ఫోర్క్‌లో (రాకెట్ చిప్ సొంత కాపీలో) గ్రెప్‌తో వెతికాను. డోంట్‌కేర్‌లు నలభై ఒకటి. వాటిలో ఆరు నావే.