రాగి ఉన్న టూర్మలిన్ నాణ్యతను ఎలా అంచనా వేయాలి?

రత్నాల గురించి తెలిసిన పెద్దలకు నమస్కారం. మా అమ్మాయి పెళ్లి ఉంగరం కోసం నీలి ఆకుపచ్చ రంగు టూర్మలిన్ అనే రత్నం ఒకటి చూశాము. మొజాంబిక్ నుంచి వచ్చిన పరాయిబా రకమని అమ్మేవారు చెబుతున్నారు. 1980ల చివర్లో బ్రెజిల్‌లోని పరాయిబా రాష్ట్రంలో బయటపడిన రాళ్లకు ఆ ప్రకాశవంతమైన రంగు రాగి వల్ల వచ్చిందనీ, తర్వాత నైజీరియా, మొజాంబిక్‌లలో దొరికిన రాగి ఉన్న రాళ్లకూ అదే పేరు వాడుతున్నారనీ చదివాను. మరి ఇనుము వల్ల నీలంగా ఉండే ఇండికోలైట్ అనే టూర్మలిన్‌ను కంటితో చూసి దీని నుంచి వేరు చేయవచ్చా, లేక ప్రయోగశాల నివేదికలో రాగి ఉందని రాసి ఉంటేనే నమ్మాలా? రూబెలైట్ అనే ఎర్రని టూర్మలిన్‌లో లోపలి చీలికలు మామూలేననీ, ఆకుపచ్చ టూర్మలిన్ మాత్రం నిర్మలంగా ఉండాలనీ అంటారు. మరి రాగి ఉన్న ఈ రకంలో చీలికలు ఎంతవరకు ఉన్నా ఫరవాలేదు? వేడి చేసి రంగు మెరుగుపరచడం ఇందులో సర్వసాధారణం కాబట్టి దానికి నాకు అభ్యంతరం లేదు. అయితే చీలికల్లో నూనె గానీ రెసిన్ గానీ నింపి ఉంటే, రోజూ వేసుకునే ఉంగరంలో రాయి ఎంతకాలం నిలుస్తుందన్నదే నా ఆందోళన. నింపిన విషయం నివేదికలో తప్పనిసరిగా రాస్తారా? అదే ధరకు లేత రంగులో పెద్ద రాయి కన్నా గాఢమైన రంగున్న చిన్న రాయి మేలని నా అభిప్రాయం. అనుభవజ్ఞులు సరిచూసి చెప్పగలరు.