ఆండీ గ్రిఫిత్ షో అభిమానులూ, కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లను కలిసినవాళ్ళూ మీ అనుభవాలు చెప్పండి

కేరీ_శ్రీను

అందరికీ నమస్కారం. మేం నార్త్ కరోలినాలో కేరీ దగ్గర ఉంటున్నాం. నాన్నగారు ఖమ్మం నుంచి వచ్చి మూడు నెలలైంది. పగలు మేమిద్దరం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్ళిపోతే ఆయన ఒక్కరే ఇంట్లో ఉంటారు. ఛానళ్ళు తిప్పుతూ ఒకరోజు ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సీరియల్ దగ్గర ఆగిపోయారు. తండ్రీకొడుకులు గాలాలు భుజాన వేసుకుని చెరువుకి నడిచి వెళ్తుంటారు, వెనక ఈల వినబడుతుంటుంది. అదే ఆండీ గ్రిఫిత్ షో, మేబెర్రీ అనే కల్పిత ఊళ్ళో షెరీఫ్‌గా, అంటే పోలీసు పెద్దగా ఉండే ఆండీ కథ. ఇప్పుడు రోజూ రెండు ఎపిసోడ్లు చూడందే భోజనానికి లేవరు. ఇంగ్లిష్ పూర్తిగా అర్థం కాదు, అయినా మొదటి వారంలోనే నన్నడిగారు: "షెరీఫ్ అంటున్నారు, నడుముకి తుపాకీ లేదేంట్రా? ఆ బక్కపలచటాయనకి తుపాకీ ఉంది గానీ తూటా చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు!" ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి నేను ఆ షో ఒక్కసారి కూడా కుదురుగా చూడలేదు. ఆయన పక్కన కూర్చున్నాక నాకూ అలవాటైపోయింది.

ఇక అసలు సంగతి. మావాడికి 13 ఏళ్ళు. ఈ వేసవిలో ఒక యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ క్యాంపుకి వెళ్తున్నాడు. చివరి రోజు ఇంట్లోవాళ్ళు కోచ్‌లను కలవచ్చట. నాన్నగారు తానూ వస్తానంటున్నారు. మా ఆఫీసులో ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు ఎవరితో మాట కలిపినా అది చివరికి మేబెర్రీ దగ్గరికో, కోచ్‌ల దగ్గరికో వెళ్తుంది. మీలో ఈ షో ఇష్టపడేవాళ్ళున్నారా? కోచ్‌లను ఎదురుగా కలిసినవాళ్ళున్నారా? ఏం మాట్లాడారు, వాళ్ళు ఎలా ఉన్నారు, అంతా రాయండి. నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

చాపెల్‌హిల్_రమ

శ్రీను గారూ, ఆ రెండూ కలిసి రావడానికి కారణం ఉంది. ఆండీ గ్రిఫిత్ మౌంట్ ఏరీలో పుట్టి, చాపెల్ హిల్‌లో మా యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాలోనే సంగీతం చదివి 1949లో పట్టా తీసుకున్నారు. ఆయన షో 1960 అక్టోబర్‌లో మొదలైంది. మరుసటి ఏడాది ఇక్కడ డీన్ స్మిత్ బాస్కెట్‌బాల్ హెడ్ కోచ్ అయ్యారు. షో 1968లో ఆగింది కానీ పునఃప్రసారాలు ఆగలేదు. స్మిత్ 1997 దాకా కోచ్‌గా ఉన్నారు. ఈ ప్రాంతంలో రెండు తరాల పిల్లలు ఒకపక్క ఆండీని, ఇంకోపక్క డీన్ స్మిత్‌ని చూస్తూ పెరిగారు. ఇద్దరూ గొంతు పెంచకుండా మాట్లాడే పెద్దమనుషులే.

నేను చదువుకునే రోజులకే డీన్ స్మిత్ రిటైరైపోయారు, నేను కలవలేదు. కానీ ఆయన నేర్పిన ఒక అలవాటు ఇప్పటికీ ఏ జిమ్‌లోనైనా కనిపిస్తుంది. బుట్టలో బంతి వేసినవాడు వెనక్కి తిరిగి, పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపిస్తాడు. మీ అబ్బాయిని అడగండి, వాడూ చేస్తుంటాడు. ఆయన 2015 ఫిబ్రవరిలో పోయాక వీలునామా ప్రకారం తన దగ్గర ఆడిన ప్రతి ఒక్కరికీ 200 డాలర్ల చెక్కు వెళ్ళింది, బయట ఒక పూట భోజనం చేయమని. 180 మంది దాకా ఉన్నారు. ఆ వార్త చదివి నేను మా అమ్మకి ఫోన్ చేసి తెలుగులో మొత్తం చెప్పాను.

నేను కలిసింది ఒక అసిస్టెంట్ కోచ్‌ని. అప్పుడు క్యాంపస్ క్యాంటీన్‌లో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. ఆమె భోజనం అయ్యాక పిల్లలు వదిలేసిన ప్లేట్లు కూడా తనే తెచ్చి ఇచ్చేవారు. మూడో రోజుకి నా పేరు సరిగ్గా పలికారు. అప్పటికి ఈ దేశంలో ఎవరూ నన్ను "రమా" అని దీర్ఘం తీసి పిలవలేదు.

మార్గన్‌టౌన్_కిరణ్

మీ నాన్నగారు చెప్పిన ఆ బక్కపలచటాయన బార్నీ ఫైఫ్. వేసిన నటుడు డాన్ నాట్స్ మా ఊరివాడే, వెస్ట్ వర్జీనియాలోని మార్గన్‌టౌన్. ఆ పాత్రకి ఐదు ఎమ్మీ అవార్డులు వచ్చాయి. ఇక్కడ హై స్ట్రీట్‌లో మెట్రోపాలిటన్ థియేటర్ ముందు ఆయన విగ్రహం ఉంది. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్కడే ఫొటో తీయించాను.

కోచ్‌ని కలిసిన కథ నాదీ ఒకటుంది. ఊరి సూపర్ మార్కెట్‌లో పాల క్యాన్ల దగ్గర యూనివర్సిటీ అసిస్టెంట్ కోచ్ కనబడ్డారు. టీవీలో బెంచి మీద చూసే ముఖం కాబట్టి గుర్తుపట్టాను. "మీ ఆట చూస్తుంటాను" అన్నాను, ఇంకేం తోచలేదు. ఆయన "మీ ఊళ్ళో ఏం ఆడతారు?" అని అడిగారు. మాది గుంటూరు దగ్గర పల్లె. కబడ్డీ గురించి చెప్పాను. ఏడుగురు ఇటు, ఒక్కడు అటునుంచి కూత పెట్టుకుంటూ వస్తాడు, వీళ్ళు చేతులు పట్టుకుని గొలుసులా కదులుతారు అని. ఆయన తన బండి పక్కకి నెట్టి, "చేతులు ఎలా పట్టుకుంటారు, చూపించు" అన్నారు. చూపించాను. "పక్కవాడు కదలగానే నువ్వూ కదలాలన్నమాట. మేం మా పిల్లలకి నేర్పడానికి ఏడాదంతా తంటాలు పడేది ఇదే" అన్నారు. పది నిమిషాలు అక్కడే నిలబడ్డాం. ఆట గురించి నేను వేసిన ప్రశ్న ఒక్కటీ లేదు, అన్నీ ఆయనే అడిగారు. శ్రీను అన్నా, మీ నాన్నగారు కబడ్డీ ఆడి ఉంటే అదే చెప్పించండి.

రాలీ_వెంకట్

క్యాంపుకి వెళ్ళేముందు ఒక నియమం తెలుసుకోండి. మాకు తెలియక చాలా బాధపడ్డాం. ఒక టోర్నమెంట్‌లో మావాడు బాగా ఆడాడు, గట్టు మీద ఒక కాలేజీ కోచ్ కూర్చుని చూస్తున్నారు. ఆట అయ్యాక మేం ఎదురెళ్ళి పలకరిస్తే "హలో" అని తల పంకించి వెళ్ళిపోయారు. మావాడు కారులో ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆవిడ "మన రంగు చూసి అలా చేశాడేమో" అంది.

అది కాదు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం మగపిల్లల బాస్కెట్‌బాల్‌లో ఏడో తరగతి నుంచే పిల్లవాడిని కాలేజీలో చేరగల ఆటగాడిగా లెక్కవేస్తారు. టోర్నమెంట్‌లో చూడటానికి వచ్చిన కోచ్ కాలేజీ ప్రస్తావన తెచ్చి మాట్లాడితే తప్పు, ఇంట్లోవాళ్ళతో కూడా. కోచ్ ఫోన్ చేయడం, మెసేజ్ పెట్టడం పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే. క్యాంపులో ఆట నేర్పుతూ మాట్లాడవచ్చు, అది వేరే. మీవాడికి 13 అంటే ఈ లెక్కలోకి వచ్చేశాడు. కాబట్టి అక్కడ "మావాడికి సీటు వస్తుందా" అని మాత్రం అడగకండి. కోచ్‌కి కూడా ఇబ్బంది. వాడి ఎడమచేతి డ్రిబ్లింగ్ ఎలా బాగుచేయాలో అడగండి, అరగంట చెబుతారు.

ఆరోజు మావాడి ముఖం గుర్తొస్తే ఇప్పటికీ మనసు పిండేస్తుంది. ఒక్క పేజీ చదివి ఉంటే సరిపోయేది.

డర్హమ్_సుధీర్

డర్హమ్‌లోని డ్యూక్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను. అక్కడి కామెరాన్ ఇండోర్ స్టేడియంలో సీట్లు 9,314 మాత్రమే, అందుకే టికెట్ కోసం పిల్లలు చలిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. మాలాంటి గ్రాడ్యుయేట్ విద్యార్థులకి సెప్టెంబర్‌లో ఒక వారాంతం క్యాంపు, ఆపైన లాటరీ. మైక్ షషెఫ్‌స్కీ అక్కడ 42 ఏళ్ళు కోచ్‌గా ఉన్నారు, ఐదుసార్లు జాతీయ టైటిల్ గెలిచారు. దగ్గరగా చూశాను, మాట్లాడే వీలు రాలేదు. ఆ గుడారంలో నా పక్కనున్న కుర్రాడు లాప్‌టాప్‌లో పెట్టి చూపిస్తేనే మేబెర్రీ నాకు పరిచయం. షెరీఫ్ కొడుకు ఓపీ పొరపాటున తల్లిపిట్టని కొట్టి చంపి, దాని మూడు పిల్లల్ని పెంచే ఎపిసోడ్. చివర్లో పంజరం ఖాళీగా ఉందని పిల్లాడంటే, చెట్లు మాత్రం నిండుగా ఉన్నాయి కదా అంటాడు తండ్రి. మా చెల్లి కొడుక్కి ఫోన్‌లో ఆ కథ చెప్పాను, రోజూ అదే అడిగేవాడు.

గ్రీన్స్‌బరో_మాధవి

నాకూ ఈ షో ఇష్టమే. కానీ నేనుండే ఊరి నుంచి చూస్తే ఒక మాట చెప్పకుండా ఉండలేను.

ఆండీ షెరీఫ్‌గా మొదటిసారి టీవీలో కనిపించింది ఇంకో షోలో, 1960 ఫిబ్రవరి 15న. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, ఫిబ్రవరి 1న, మా గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వుల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళకి మాత్రమే భోజనం పెట్టే కౌంటర్ దగ్గర కూర్చున్నారు. ఆ కౌంటర్ ఇప్పుడు మ్యూజియంలో ఉంది. నా ఆఫీసుకి నడిచే దూరం. ఇక్కడి నుంచి మౌంట్ ఏరీకి కారులో గంటకి కాస్త పైన. అంత దగ్గర్లో అంత జరుగుతుంటే మేబెర్రీ వీధుల్లో నల్లవాళ్ళు దాదాపు కనబడరు. 249 ఎపిసోడ్లలో ఒక నల్లజాతి నటుడికి చెప్పుకోదగ్గ పాత్ర దొరికింది ఒక్కసారే, 1967 మార్చిలో.

ఆ పాత్ర ఎవరిదో తెలుసా? కోచ్‌ది. రాక్నీ టార్కింగ్టన్ వేసిన ఫ్లిప్ కాన్‌రాయ్. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడి ఊరికి తిరిగొచ్చి పిల్లలకి ఆట నేర్పుతాడు, పియానో కూడా వాయిస్తాడు. ఓపీకి ఆటా కావాలి, పియానో క్లాసూ కావాలి. రెండూ చేయొచ్చని వాడికి తన బతుకుతోనే చూపిస్తాడు. ఆ ఎపిసోడ్ చూసినప్పుడు నాకు సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది. అంత మంచి మనిషి మళ్ళీ ఎందుకు రాలేదు?

ఎందుకంటే బయట నిజంగా అలాంటి కోచ్‌లు ఉన్నారు. మౌంట్ ఏరీకి దక్షిణాన ఉన్న పెద్ద ఊరు విన్‌స్టన్-సేలంలో క్లారెన్స్ గెయిన్స్, అందరూ "బిగ్ హౌస్" అనేవారు. 1946 నుంచి 1993 దాకా ఒకే కాలేజీలో కోచ్, 828 విజయాలు. ఆయన జట్టు ఎర్ల్ మన్రోతో కలిసి జాతీయ టైటిల్ గెలిచింది కూడా అదే 1967 మార్చిలోనే. నల్లవాళ్ళ కాలేజీల్లో ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన మొదటి జట్టు అది. డర్హమ్‌లో నల్లవాళ్ళ కాలేజీ కోచ్ జాన్ మెక్‌లెండన్ గురించి సుధీర్ గారు వినే ఉంటారు. 1944లో ఒక ఆదివారం పొద్దున, ఊరంతా చర్చిలో ఉన్నప్పుడు, ఆయన జట్టు డ్యూక్ మెడికల్ స్కూల్ తెల్లవాళ్ళ జట్టుతో తలుపులు మూసుకుని ఆడింది. 88-44తో గెలిచింది. బయటికి తెలిస్తే ప్రాణాలకే ముప్పు, అందుకే ఏళ్ళ తరబడి ఎవరూ నోరు విప్పలేదు.

రమ గారు డీన్ స్మిత్ గురించి రాశారు. ఆయన అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న రోజుల్లోనే తన చర్చి పాస్టర్‌తో, ఒక నల్లజాతి విద్యార్థితో కలిసి చాపెల్ హిల్‌లో నల్లవాళ్ళని రానివ్వని రెస్టారెంట్‌లోకి వెళ్ళి కూర్చుని తిన్నారు. తర్వాత చార్లీ స్కాట్ అనే నల్లజాతి ఆటగాడిని జట్టులోకి తెచ్చారు. మెత్తగా మాట్లాడటం ఒక్కటే కాదు ఆయనలో ఉన్నది.

నేను కలిసిన కోచ్ ఇక్కడి ఒక నల్లజాతి కాలేజీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పేరు రాయను. మా లైబ్రరీలో మాట్లాడటానికి వచ్చారు. ఆండీ గ్రిఫిత్ షో చూసేవారా అని అడిగాను. "ప్రతి సోమవారం రాత్రి" అన్నారు. "ఆ ఊళ్ళో మేం లేమని తెలుసు. అయినా మా పిల్లల్ని అలాంటి షెరీఫ్ ఆపితే బాగుండునని చూసేవాణ్ణి" అన్నారు. ఆ తర్వాత నేను మరేమీ అడగలేకపోయాను. టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నాను.

కేరీ_శ్రీను

మాధవి గారూ, మీరు రాసింది నాన్నగారికి పూర్తిగా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఊళ్ళో తన చిన్నప్పుడు హోటళ్ళలో వేరే గ్లాసులు ఉండేవని, కబడ్డీ జట్టులో మాత్రం అందరూ కలిసే ఆడేవారని, ఆట అయ్యాక మళ్ళీ ఎవరి గ్లాసు వారిదేనని చెప్పారు. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

మోరిస్‌విల్_లక్ష్మి

మౌంట్ ఏరీ వెళ్ళాలనుకునేవాళ్ళకి: కేరీ నుంచి కారులో రెండు గంటల పైనే. సెప్టెంబర్ చివర్లో మేబెర్రీ డేస్ ఉత్సవం జరుగుతుంది, అప్పుడు పార్కింగ్ కష్టం. మామూలు రోజుల్లో పాత పోలీసు కారులో ఊరంతా తిప్పుతారు, పెద్దవాళ్ళకి బాగా నచ్చుతుంది. స్నాపీ లంచ్ అనే హోటల్లో పేరుపొందింది పోర్క్ శాండ్‌విచ్, శాకాహారులు పులిహోర కట్టుకెళ్ళడం మంచిది. అంత దూరం వద్దనుకుంటే రాలీలో పుల్లెన్ పార్క్‌లో ఆండీ, ఓపీ గాలాలతో ఉన్న విగ్రహం ఉంది.

కేరీ_శ్రీను

క్యాంపు నిన్నటితో అయిపోయింది. చెప్పినట్టే రాస్తున్నాను.

వెంకట్ గారి మాట విని సీటు ఊసెత్తలేదు. హెడ్ కోచ్ పెద్ద గుంపులో ఉన్నారు, మా దాకా రాలేదు. మావాడి గ్రూపుకి నేర్పిన కుర్ర కోచ్ ఒకాయన గట్టు మీద నాన్నగారి పక్కన వచ్చి కూర్చున్నారు. నాన్నగారు మనవడి చేత అడిగించారు: "మూడు రోజులూ చూశాను. ప్రతి ఉదయం వరసలో చివర నిలబడ్డ పిల్లాడి దగ్గరికే ముందు వెళ్ళారు. ఎందుకు?" ఆయన ఆశ్చర్యపోయారు. తన చిన్నప్పుడు తానే ఆ చివర నిలబడేవాడినని, ఇది ఎవరైనా గమనిస్తారని అనుకోలేదని చెప్పారు. కిరణ్ తమ్ముడు చెప్పినట్టు కబడ్డీ మాట తెద్దామనుకున్నాను కానీ ఆ అవసరమే రాలేదు. వెళ్ళేటప్పుడు నాన్నగారు ఆ ఈల పాట వేశారు. కోచ్ రెండో వరుస అందుకున్నారు.

నాన్నగారు వచ్చే నెల 9న ఖమ్మం వెళ్ళిపోతున్నారు. ఆయన మూడో సీజన్ మధ్యలో ఉన్నారు. ఇండియాలో ఆ షో ఎలా చూడవచ్చో తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. తెలుగు సబ్‌టైటిల్స్ ఎవరైనా చేసి ఉంటే ఇంకా మంచిది. లేకపోతే నేనే ఆదివారాలు కూర్చుని రాద్దామనుకుంటున్నాను, తోడు వచ్చేవాళ్ళుంటే ఇక్కడే చెప్పండి.